ఐదూళ్ళ పాతర

జ్ఞానరాజు పంతులుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. సంతలో ఉప్పు కొంటే రెండు అంగళ్ళలో తూకం వేయించేవాడు. పిల్లవాడు కడుపునొప్పని బడి మానేస్తే సాయంత్రం వాళ్ళింటికి పోయి, ఆ పొట్ట నొక్కి చూసిగానీ వెనక్కి వచ్చేవాడు కాదు. గుడిలో ప్రార్థన వేళ అందరూ కళ్ళు మూసుకుంటే, ఎవరు మూసుకోలేదో చూడటానికి ఆయన తన కళ్ళు తెరిచేవాడు. ఆ సంగతి ఊరందరికీ ఎట్లా తెలిసిందని మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

అట్లాంటి మనిషిని ఏరికోరి పాతరకు తనిఖీ పెద్దగా ఎన్నుకున్నారంటే ఐదూళ్ళవాళ్ళకూ మతి పోయిందనుకోవద్దు. ఆయన్ను బయట పెడితే ఇంకా ఎక్కువ గొణుగుతాడని వాళ్ళ భయం. లోపల పెట్టి ఒక పని అప్పజెబితే నోరు కాస్త మూతపడుతుందని ఆశపడ్డారు. పాపం, ఆశపడ్డారు.

ఎర్రమల కొండలకూ కుందూ నదికీ నడుమ ఐదూళ్ళలో ఐదు మిషన్ బళ్ళు ఉండేవి. ఒక్కో బడికి ఒక పంతులు, బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, పగుళ్ళిచ్చిన ఒక నల్లబల్ల. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరమ్మ మాత్రం ఐదింటికీ కలిపి ఒక్కతే. తాలూకా బోర్డు ఈ ఐదింటినీ ఒక గుంపుగా కట్టి గ్రాంటు ఒకే మొత్తంగా ఇచ్చేది. కొట్టాలకు బోద కప్పించడానికీ, పలకలకూ, టీచరమ్మ జీతానికీ అయ్యే ఖర్చులో సగం బోర్డుది, సగం సంఘాలది. సంఘాల సగం కంటికి కనబడితేనే బోర్డు సగం కదిలేది.

సంఘాలంటే ఎవరు? కూలీనాలీ చేసుకునేవాళ్ళు, ఎకరా అరెకరా దున్నుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర దుడ్లు ఎక్కడివి, ఉంటే నాలుగు గింజలుంటాయి. అందుకని పెద్దల కాలం నుంచీ పిడికిలి కుండ అనే ఏర్పాటు ఒకటి ఉండేది. ప్రతి ఇంటి ఆడమనిషీ సంకటికి గింజలు విసరబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. ఆదివారం ఆ గింజల్ని గుడికి వస్తూ తెచ్చి, పంతులు ఇంట్లో ఆయన భార్య చూసుకునే పెద్ద కుండలో పోస్తుంది. ఆ కుండను మగవాళ్ళు తాకకూడదు, ఎవరూ కొలవకూడదు. ఎవరెంత పోశారని అడగటం మహా తప్పు. లేనివాళ్ళు సిగ్గుపడకూడదని ఏ పెద్దమ్మ పెట్టిందో ఆ కట్టుబాటు, దాన్ని ఎవరూ మీరలేదు.

మాఘమాసంలో ఐదూళ్ళ కుండలూ బండ్లెక్కి ముద్దిరెడ్డిపాడుకు వచ్చేవి. అక్కడ సంఘానికి వాక్యం చెప్పే ప్రేమయ్య అనే ముసలి ఉపదేశి ఇంటి ముందు నేలలో తవ్విన పాతర ఒకటుంది. మనిషి నిలబడితే తల కనబడనంత లోతు. లోపల చుట్టూ చొప్ప పేర్చి, పొరకూ పొరకూ నడుమ చొప్ప పరుస్తూ ఊరికి రెండు మూటల లెక్కన గింజలు పోసి, బండ మూసి, మట్టితో మెత్తేవాళ్ళు. పంట కొత్తలో అమ్మితే ఏమొస్తుంది? ఆషాఢం దాకా ఆగితే ధర పెరుగుతుంది. అప్పుడు పాతర తెరిచి, బోర్డు ఇన్‌స్పెక్టరుకు గింజలు చూపించి, సంతకు తోలేవాళ్ళు.

ఇన్నేళ్ళలో ఆ పాతర మీద ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. జ్ఞానరాజుకు అదే అనుమానంగా ఉండేది.

అయితే ఈసారి ఆయన గుబులు ఉత్త గుబులు కాదు. ఆయన పనిచేసే ఎర్రకుంట బడి ఐదింటిలోనూ చిన్నది. పోయిన ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కొట్టం లోపల నిలబడి పైకి చూస్తే ఆకాశం కనబడింది. "వచ్చే ఏడు పెద్దవానలకల్లా కప్పు లేకపోతే ఈ బడిని గుంపులోంచి తీసేస్తాం" అని ఆయన మొహం మీదే చెప్పి పోయాడు. బడి పోతే జ్ఞానరాజు పంతులుగిరీ పోతుంది. దానికంటే ముఖ్యం, ఎర్రకుంట పిల్లలందరూ మర్నాటి నుంచే రెడ్డి గారి గొర్రెల వెంట పడిపోతారు. ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ వాళ్ళ అమ్మానాన్నల కాళ్ళావేళ్ళా పడి బడికి తెచ్చుకున్నవాడు జ్ఞానరాజే. ఎన్ని అన్నా ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

అందుకే ఈస్టరు పండుగ నాటి కూటంలో లేచి నిలబడ్డాడు. "ఏ ఊరి గింజ ఆ ఊరిదే. పాతర తీసినప్పుడు ఏ ఊరి భాగం తక్కువ పడితే ఆ ఊరి కొట్టానికి ఈ ఏడు బోద లేదు. ఒకరిది తీసి ఇంకొకరికి సర్దేది లేదు. ఈ మాటకు అందరూ చెయ్యెత్తాల" అన్నాడు. పాతర చేతిలో ఉన్నవాడు తన ఊరి భాగం నిండుగా ఉంచుకుని, ఇతరులది తగ్గిస్తే ఆ లోటు ఇట్లా బయటపడుతుందని ఆయన లెక్క. చెయ్యెత్తకపోతే దొంగలనుకుంటారని అందరూ ఎత్తారు. ప్రేమయ్య అందరికంటే చివర, మెల్లగా ఎత్తాడు. జ్ఞానరాజు ఆ ఆలస్యాన్ని మనసులో ముడివేసుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే భార్య జీవమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తింది.

"ఆ మాట నువ్వే పెట్టిచ్చినావా?" అంది.

"నేనే. ఇంకెవురికి తోస్తాది?"

ఆమె మళ్ళీ పొయ్యి ఊదుకుంది. తన తెలివికి భార్య నోట మాట రాలేదనుకుని జ్ఞానరాజు ఆ పూట ఇంకొక ముద్ద ఎక్కువ తిన్నాడు.

మొదటి వాన పడ్డాక ఆయన ముద్దిరెడ్డిపాడు వైపు రాకపోకలు పెంచాడు. ఒకసారి టీచరమ్మ రాలేదని, ఇంకోసారి పలకలు కావాలని, ఏదో ఒక వంక. పోయినప్పుడల్లా ప్రేమయ్య పాతర మీద మంచం వేసుకుని కూర్చుని ఉండేవాడు. కూర్చున్నవాడు లేచేవాడు కాదు.

"ఏం పెద్దయ్యా, మంచం ఈడికి వచ్చిందే?"

"ఇంట్లో ఉడుకు నాయనా."

"యాపచెట్టు కిందేసుకోవచ్చు గదా. ఆడ నీడుండాది."

"ఈడైతే వచ్చేపోయేటోళ్ళు కనపడ్తారు."

వచ్చేపోయేవాళ్ళ మీద కన్ను ఎవరికి కావాలి? దాచుకోవలసింది ఉన్నవాడికి. జ్ఞానరాజు మంచం కోళ్ళ కిందికి చూశాడు. మట్టి కొత్తగా మెత్తి ఉంది, ఇంకా తడి ఆరలేదు.

"మట్టి కొత్తగా ఉండాదే?"

"వానకు బీటిచ్చింది. మళ్ళీ మెత్తినా. నీళ్ళు దిగితే గింజ కుళ్ళిపోదా?"

జవాబు చక్కగానే ఉంది. జవాబులు చక్కగా ఉండటమే జ్ఞానరాజుకు నచ్చలేదు. తడబడితే నమ్మేవాడేమో. ముసలాయన ఇచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుంటూ, ఈ మజ్జిగ కూడా ఎందుకిచ్చాడా అని ఆలోచిస్తూ ఇంటికి నడిచాడు.

ఇంక సంతలో చూసింది ఆయన అనుమానానికి నెయ్యి పోసింది. ప్రేమయ్య కోడలు రాహేలమ్మ కొంగులో ముడి విప్పి జొన్నలు కొంటూ ఉంది. అవి కూడా అణా తక్కువకు వచ్చే పుచ్చు జొన్నలు. ప్రేమయ్యకు ఎకరం నల్లరేగడి ఉంది. ఆ ఏడు తెల్లజొన్న విరగపండింది. కళ్ళం నాడు జ్ఞానరాజు స్వయంగా ఆ రాశిని చూశాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో అప్పుడే గింజలు అయిపాయనా?"

"అయిపాయ పంతులూ."

"రాశి పెద్దదే పడె గదా. ఏమాయ?"

రాహేలమ్మ ఆయన్ను పైకీ కిందికీ చూసింది. ఆ చూపులో అలుపుంది, కోపమూ ఉంది. "అది మా మామను అడుగు" అని జొన్నలు కొంగులో పోయించుకుని వెళ్ళిపోయింది.

జ్ఞానరాజు సంత నడిబొడ్డున నిలబడిపోయాడు. ఇంట్లో గింజ లేనివాడు గింజల గుంత మీద పడుకుని ఉన్నాడు. ఇంకేం కావాలి? రాశి ఏ కష్టానికో అమ్ముకున్నాడు, ఇప్పుడు పాతరకు కన్నం పెట్టాడు, దాని మీద మట్టి మెత్తాడు, మట్టి మీద మంచం వేశాడు. కథ మొత్తం ఆయన కళ్ళకు కట్టినట్టయింది. బాధ కూడా కలిగింది. నిజం చెప్పాలంటే, బాధ కంటే సంతోషమే ఒక వీసం ఎక్కువ కలిగింది. ఇన్నేళ్ళ తన అనుమానానికి ఒక ఆధారం దొరికింది.

పాతర తెరిచే రోజు రానే వచ్చింది. మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆ పై రోజు సంత. ఐదూళ్ళ పంతుళ్ళూ పెద్దలూ పొద్దున్నే ముద్దిరెడ్డిపాడు చేరారు. గింజలు చెరగడానికి ఆడవాళ్ళు చేటలు పట్టుకుని వచ్చారు. జీవమ్మ కూడా వచ్చింది. ఎండలో అంత దూరం ఎందుకని జ్ఞానరాజు అంటే, "నేను రావల్ల" అని మాత్రం అంది. దారి పొడుగునా ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎండదెబ్బ అనుకున్నాడు ఆయన.

ప్రేమయ్య చిన్న ప్రార్థన చేశాడు. మంచం తీశారు, మట్టి పగలగొట్టారు, బండ పక్కకు దొర్లించారు. పాతర వాసన గుప్పుమని లేచింది. లోపలి గాలి మంచిదయ్యేదాకా ఎవరూ దిగకూడదు కాబట్టి అందరూ దూరంగా కూర్చున్నారు. జ్ఞానరాజు మాత్రం కూర్చోలేదు.

"ఒక మాట. పోసిన వరసలోనే పొర పొర విడిగా తీయాల. ఏ ఊరిది ఆ ఊరి కుప్ప. అన్నీ ఒకే రాశి పోస్తే నేనొప్పను."

"అట్లే కానీ" అన్నాడు ప్రేమయ్య. ఆయన గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం ఆడవాళ్ళ వైపు ఒకసారి పోయి వచ్చాయి. జ్ఞానరాజు అదీ చూశాడు.

మాఘంలో అందరూ పోసి పోయాక, చివర వచ్చింది ఎర్రకుంట బండి. కాబట్టి పైపొర ఎర్రకుంటది. ఎర్రకుంటది పేరుకు తగ్గ ఎర్రనేల, అక్కడ పండేది పచ్చజొన్న ఒక్కటే. రేగడి ఊళ్ళలో పండేది తెల్లజొన్న. ఈ తేడా ఆ చుట్టుపక్కల పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఏసన్న అనే పక్క ఊరి పెద్ద నడుముకు తాడు కట్టుకుని పాతరలోకి దిగి, మొదటి గంప నింపి పైకి అందించాడు.

గంపలో ఉన్నవి తెల్లజొన్నలు.

జ్ఞానరాజు పిడికెడు తీసి అరచేతిలో పోసుకున్నాడు. పాతరలో ఉండి కాస్త మగ్గాయిగానీ తెలుపు తెలుపే. రెండో గంప కూడా తెలుపే. మూడో గంపలో పైన పచ్చజొన్న కనబడింది, అదీ అర మూటకు మించి లేదు. దాని కింద మళ్ళీ వేరే ఊరి గింజ. మొత్తం కొలిస్తే రెండు మూటలు సరిగ్గా ఉన్నాయి. ఒక్క పడి కూడా తగ్గలేదు.

"సరిపాయ గదా" అన్నాడు ఏసన్న పైకి వచ్చి దుమ్ము దులుపుకుంటూ.

"ఏం సరిపాయ? ఇది మా ఊరి గింజ కాదు. మా ఊర్లో తెల్లజొన్న పండేదే లేదు. మా గింజ ఎవురో తీసినారు. తీసి, ఇది పోసినారు."

ఏసన్న తల గోక్కున్నాడు. "దొంగ పచ్చజొన్న ఎత్తుకపోయి, దాని జాగాలో తెల్లజొన్న పోస్తాడా? తెల్లదానికే గదప్పా ధర ఎక్కువ."

నలుగురు నవ్వారు. జ్ఞానరాజు ఒళ్ళు మండిపోయింది. కథలో ఏదో ఒక ముక్క సరిపడటం లేదని ఆయనకూ తెలుస్తూనే ఉంది. సరిపడని కొద్దీ గొంతు పెరిగింది.

"నేనూ అదే అడుగుతాండా. లాభం లేకుండా ఎవుడన్నా పోస్తాడా? దీని ఎనకాల ఏదో ఉండాది. చెప్పు పెద్దయ్యా. నీ ఇంట్లో గింజలు ల్యాక నీ కోడలు సంతలో కొనుక్కుంటాండాది. నువ్వేమో పాతర మీద నుంచి లేచేది లేదు. మా ఊరి గింజ యాడ?"

ప్రేమయ్య తలవంచుకుని నేల చూశాడు. రాహేలమ్మ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆ మౌనం చూసి మిగిలిన పెద్దల మొహాలు కూడా మారాయి. అంతవరకూ నవ్వినవాళ్ళు ముసలాయన వైపు కొత్తగా చూడటం మొదలుపెట్టారు. అనుమానానికి ఉన్న గుణమే అది, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి ఇట్టే పాకుతుంది.

అప్పుడు జీవమ్మ చేట కింద పెట్టి లేచింది.

"ఆయప్పను అడగొద్దు. నన్నడుగు."

"నిన్నేమడిగేది?" అన్నాడు జ్ఞానరాజు.

"మన ఊరి గింజ యాడ అని."

"యాడ?"

"మనమే తింటిమి."

జీవమ్మ ఏడవలేదు. ఎన్నాళ్ళుగానో లోపల తిప్పుకున్న మాటలు కాబట్టి వరసగా వచ్చాయి.

"వానలు పడిన కాడినుంచి క్రిస్మసు దాకా జీతం రాకపాయ. నువ్వు ఆఫీసుకు అర్జీలు రాసుకుంటాంటివి. పిల్లోళ్ళు సంకటి అడుగుతాండ్రి. ఇంట్లో ఉండేది ఆ కుండ ఒక్కటే. జీతం వస్తానే నింపుదామనుకుంటి. అది వచ్చింది వచ్చినట్టే పాయ. బండి కట్టే దినానికి కుండలో అర మూటన్నా ల్యాకపాయ. ఈడికొచ్చి ఆయప్ప ముందర నిలబడితి. ఎందుకు తక్కువని ఒక్క మాట అడగలా. ఇంట్లోకి పోయి వాళ్ళ గింజలు తెచ్చి, ఎర్రకుంట పేరు చెప్పి పోసె. ఎవురికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకుంటి."

జ్ఞానరాజు ఆమె దగ్గరికి ఒక అడుగు వేశాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. అది ప్రశ్నలా లేదు, వేడుకున్నట్టుంది.

"అందరి కుండల్లోకీ తొంగి చూస్తివి. మన పొయ్యి మీద కుండలోకి ఒక్కసారన్నా చూస్తివా? జీతం లేని నెలల్లో ముద్ద నీ ముందరికి వచ్చె, నువ్వు తింటివి. ఇది యాడిది అని ఒక్క పూటన్నా అడిగింటే నేను చెప్పకపోదునా?"

నలుగురిలో గుడ్డలూడినట్టయింది ఆయనకు. లోకంలో ఉన్న ప్రతి గింజ లెక్కా అడిగినవాడు తన నోట్లోకి పోయే గింజను అడగలేదు. అడగకూడదని కాదు, అసలు తోచనే లేదు. సిగ్గుతో తల భూమిలోకి దిగిపోయింది.

ఏసన్న చిన్నగా దగ్గాడు. "మరి ఈస్టరు నాటి మాట ఒకటుండాది గదా. ఏ ఊరి గింజ ఆ ఊరిదే అని చెయ్యెత్తిస్తివి. ఆ లెక్కన ఎర్రకుంట కొట్టానికి బోద లేదు."

"నేను పోసేటప్పుడు ఎర్రకుంట పేరునే పోసినా" అన్నాడు ప్రేమయ్య. అంతసేపటికి ఆయన నోరు విప్పాడు. "పోసినాక అది నాది కాదు. ఇంక మాటలెందుకు?"

పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. చివరికి ఏసన్నే తేల్చాడు. "రేపు ఇన్‌స్పెక్టరు అడిగేది తనిఖీ పెద్దను. నీ నోట్లో నుంచి ఏమొస్తే అదే మా మాట. నువ్వే చూసుకో."

ఆ రాత్రి అందరూ ముద్దిరెడ్డిపాడులోనే ఆగిపోయారు. తెల్లవారేసరికి జ్ఞానరాజు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి, మా ఊరి భాగం తక్కువైందయ్యా, నా ఇంట్లోనే తక్కువైందయ్యా అని చెప్పేయాలి. అనుకుంటూ ఉంటే గుండె కొంచెం తేలికైంది, వీపు కూడా నిటారైంది. ఎట్లా నిలబడాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అనుకున్నాడు. బావి దగ్గర మొహం కడుక్కుంటూ ఆ మాట జీవమ్మకు చెప్పాడు.

"నువ్వు చెప్పు" అంది జీవమ్మ. "నిన్ను శానా నిజాయితీ మనిషంటారు. బడి పోతాది. పిల్లోళ్ళు గొర్రెల ఎంబడి పోతారు. నీకు మాత్రం ఇంక సిగ్గుండదు. సిగ్గు పోగొట్టుకునేదానికి ఇంతమంది బిడ్డల చదువు కావల్లనా నీకు?"

ఆయన నీళ్ళ చెంబు కింద పెట్టాడు. భార్య ఇంత సూటిగా మాట్లాడగలదని ఇన్నేళ్ళలో ఆయనకు తెలియదు. ఇంకా ఏమేం తెలియవో అని కూడా మొదటిసారి అనిపించింది.

ఇన్‌స్పెక్టరు గుర్రబ్బండి దిగేసరికి పొద్దెక్కింది. పాతర పక్కన ఐదు కుప్పలు వరసగా పోసి ఉన్నాయి. ఆయన తలపాగా సర్దుకుంటూ కుప్పల వెంట నడిచాడు.

"అన్ని ఊళ్ళ వాటాలూ వచ్చాయా?"

"వచ్చాయి సార్" అన్నాడు జ్ఞానరాజు.

"మీరు స్వయంగా చూశారా?"

"దగ్గరుండి చూశాను సార్."

ఇన్‌స్పెక్టరు చివరి కుప్ప దగ్గర ఆగి, చేతికర్రతో గింజల్ని కెలికాడు. తెల్లజొన్నల్లో పచ్చజొన్నలు అక్కడక్కడా కలిసి ఉన్నాయి. "ఇది ఏ ఊరిది?"

"ఎర్రకుంటది సార్."

"ఎర్రకుంటలో తెల్లజొన్న పండుతుందా?"

జ్ఞానరాజు ప్రేమయ్య వైపు చూడలేదు, జీవమ్మ వైపు చూడలేదు.

"పండదు సార్. ఎర్రకుంట పేరున ఎవరో పోశారు. పిడికిలి గింజలు ఎవరు పోశారు, ఎంత పోశారు అని అడగటం మా సంఘాల్లో లేదు సార్. రెండు మూటలూ నిండుగా ఉన్నాయి. అది నేను కొలిచాను."

ఇన్‌స్పెక్టరు ఆయన్ను తల నుంచి కాళ్ళదాకా చూశాడు. తర్వాత కుప్పను చూశాడు. పక్కన నిలబడ్డ జీవమ్మను, ఆమె చీరను, చేటను చూశాడు. మళ్ళీ ఆయన మొహం మీదికే వచ్చాడు. ఇందులో నీకేం ముట్టింది అని అడుగుతున్నట్టున్న ఆ చూపు జ్ఞానరాజుకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ ఆయన కళ్ళలో నుంచి బయటికి పోయిన చూపే అది. ఎదురుగా నిలబడి దాన్ని భరించడం మాత్రం ఆయనకు ఇదే మొదలు. తాను తప్పు చెప్పలేదు, అయినా దొంగలాగా చెమటలు పట్టాయి. ఈస్టరు నుంచీ ముసలాయన ఈ చూపు కింద కూర్చుని మజ్జిగ ఇచ్చాడని గుర్తొచ్చేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే" అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి. "ఐదు కొట్టాలకూ బోర్డు సగం ఇస్తుంది. కానీ వచ్చే ఏడు ఈ గుంపును నేను కాస్త దగ్గరగా చూస్తాను." బండి ఎక్కబోతూ ఇంకోసారి వెనక్కి తిరిగి జ్ఞానరాజును చూసి మరీ పోయాడు.

గింజలు మూటలకెత్తుతూ ఉండగా జ్ఞానరాజు ప్రేమయ్య దగ్గరికి వెళ్ళాడు. ఏమనాలో తెలియక చేతులు నలుపుకున్నాడు.

"పెద్దయ్యా, తప్పయిపాయ."

"నువ్వడిగితే నేను చెప్పకపోతి, నువ్వు ముందే తవ్వి చూస్తావని పాతర మీదే మంచమేస్తి. చెప్పనోని మీద అనుమానం రాదా నాయనా?" అన్నాడు ముసలాయన. "నాకు నొప్పి తగల్లేదని అనను. నలుగురిలో అడిగితివి, అది తగిలింది. పో, మూట పట్టుకోపో."

క్షమించానని అనలేదు. జ్ఞానరాజు కూడా ఆ మాట కోసం నిలబడకుండా పోయి మూట పట్టాడు.

సాయంత్రం ఎర్రకుంట దారి పట్టారు. జీవమ్మ చేట చంకన పెట్టుకుని ముందు నడుస్తోంది, ఆయన నాలుగడుగులు వెనక. రేగడి అయిపోయి ఎర్రనేల మొదలైంది. ఆయన లోపల ఒక ప్రశ్న కదులుతోంది. వద్దనుకున్నాడు. అడగకుండా ఉంటే ఈసారైనా మంచిదేమో అనుకున్నాడు. కానీ ఇన్నాళ్ళూ అడగవలసిన చోట అడగకనే కదా ఇంత జరిగింది.

"పోయినేడో? అప్పుడు కుండ నిండెనా?" అన్నాడు.

జీవమ్మ వెనక్కి తిరగలేదు. "పోయినేడూ అంతే."

కొంత దూరం నడిచారు.

"అంతకు ముందేడు?"

"మనం ఈ బడికొచ్చిన కాడినుంచీ" అంది జీవమ్మ, నడక ఆపకుండానే.

ఆయన ఆగిపోయాడు. ఇద్దరు పిల్లలు, వాళ్ళు ఆ గింజలతో పెరిగిన ఏళ్ళు, తాను పాఠం చెప్పిన ఏళ్ళు, అర్జీలు రాసిన రోజులు, అన్నీ ఆయన ముందు నిలబడ్డాయి. ఆమె చాలా దూరం పోయాక, తాను దారి మధ్యలో ఒక్కడే ఉన్నానని చూసుకుని మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు.